సద్దివేళ

"మావయ్యా, ఆదివారం పదిన్నరకి బ్రంచికి పోదాం. ఎక్కడికో నువ్వే చెప్పు" అని మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు రుషికొండ మీద కంప్యూటరు కంపెనీలో పని చేస్తాడు. విశాఖపట్నంలో నలభై ఏళ్ల నుంచీ తిరుగుతున్నవాణ్ణి గనక ఈ ఊళ్లో ఏ వీధిలో ఏం దొరుకుతుందో నాకు తెలుసని వాడి నమ్మకం. తెలిసిన మాట నిజమే. కాకపోతే వాడు అడిగేది ఎక్కడ రుచిగా ఉంటుందని. నేను నేర్చుకున్నది ఎక్కడ కూర్చోవచ్చునని.

బ్రంచంటే ఏవిట్రా అన్నాను. టిఫినుకీ భోజనానికీ మధ్య, రెండూ కలిపి ఒకేసారి తినెయ్యడం అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషాయన 'హంటర్స్ వీక్లీ' అనే పత్రికలో ఈ మాట రాశాడట. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగి తిరిగినవాళ్లు ఆదివారం పొద్దున్నే లేవక్కర్లేకుండా, పదకొండింటికో పన్నెండింటికో నింపాదిగా లేచి తినే తిండికి పేరు కావాలని. చదివి నవ్వుకున్నాను. ఆ పూట తినే తిండికి మా పేటలో ఎప్పుడో పేరుంది. సద్ది. ఇంగ్లీషాయన తిండి లేటుగా లేచినవాళ్లది. మాది కోడి కూయకముందు లేచినవాళ్లది. ఆ వేళకి ఆకలితో కూర్చునేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఈ రెండు రకాలే.

మాది కశింకోట. అనకాపల్లిని ఆనుకునే ఉంటుంది. మా చిన్నతనంలో విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. మద్రాసు రోడ్డూ, మద్రాసు రైలూ మా ఊరి మీంచే పోతాయి. దగ్గర్లో శారదానది. చరిత్ర పుస్తకాల్లో కూడా మా ఊరి పేరుంది. 1758లో కల్నల్ ఫోర్డు దండు ఫ్రెంచివాళ్ల మీదికి పోతూ విజయనగరం ఆనందరాజు దండుని ఇక్కడే కలుసుకుందని రాశారు. ఆ దండు గుర్రాలకి గడ్డి ఎవరు కోశారో, చచ్చిన గొడ్డుని ఎవరు ఈడ్చారో రాయలేదు. ఆ కోసినవాళ్ల పేట మాది.

మా అయ్య ఒక బుగత దగ్గర కంబారి. ఏడాదికింత ధాన్యం, రెండు పంచెలు, రోజూ ఓ పూట సద్ది. ఇదీ లెక్క. చుక్క పొడిచినప్పుడు పోయి శాల ఊడ్చి, పేడ తీసి, ఎడ్లకి కుడితి పెట్టి, నాగలి కట్టేసరికి తెల్లారేది. పొద్దు బారెడెక్కి రెండు బారలెక్కేవరకూ దున్నాలి. అప్పుడు బుగతమ్మ గారి ఇంటి నుంచి సద్ది వచ్చేది. బడి లేని రోజుల్లో నేనూ గట్టు మీద కూర్చుని ఆ దారే చూసేవాణ్ణి. నా కళ్లకి ఆ పిల్లబాట చివర మొదట తట్ట కనపడేది, తర్వాత మనిషి.

చోళ్ల అంబలి, రాత్రి మిగిలిన అన్నంలో కలిపిన గంజి, ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. ఉంటే మాగాయ టెంక. తక్కిన కూలీలు తమ గిన్నెలు తమరు పట్టుకుని నేరేడు చెట్టు నీడలో కూర్చునేవారు. మేం ఎండలో, గట్టు అవతల. అయ్య తాటాకు కోసి, మడిచి, ఈనెతో గుచ్చి డొప్ప చేసేవాడు. నాకొకటి, తనకొకటి. రెండు చేతులతో డొప్ప పట్టుకుని వంగితే తెచ్చినావిడ నిలబడి పైనుంచి పోసేది. ఆ ముంత ఎప్పుడూ మా డొప్పకి జానెడు పైనే ఉండేది. ఆ జానెడులో గాలికి అంబలి చెదిరి అయ్య ముంజేతుల మీద పడేది. తాగడం అయ్యాక అయ్య ముందు ముంజేతులు నాక్కుని ఆ తర్వాతే కడుక్కునేవాడు. నాకది ఆటలా ఉండేది. నేనూ నాకేవాణ్ణి.

ఆ అంబలి రుచి మాత్రం నేను తక్కువ చేసి చెప్పను. పులుపెక్కిన చోళ్ల అంబలి ఎండవేళ కడుపులోకి దిగుతుంటే ఒళ్లంతా చల్లబడేది. కడుపు నింపింది నిజం. జానెడు పైనుంచి పోసిందీ నిజం. మన రచనల్లో కొందరు మొదటిది వదిలేసి రెండోదే రాస్తారు. ఊళ్లు వదిలి పట్నాల్లో స్థిరపడ్డ పెద్దకులాల రచయితలు రెండోది వదిలేసి మొదటిదే రాస్తారు. పల్లెటూరి సద్దన్నం గురించి ఎన్ని వ్యాసాలు చదివానో! ఒక్కదాంట్లోనూ తాటాకు డొప్ప లేదు.

బెల్లం రోజులొస్తే వేరే. సంక్రాంతి ముందూ వెనకా మా వైపు ఎక్కడ చూసినా బెల్లం పొయ్యిలే. అనకాపల్లి బెల్లం అంటే దేశమంతా పేరు గదా. ఆ బెల్లానికి చెరకు కొట్టింది మేం, మోపులు మోసింది మేం, పొయ్యిలో పిప్పి ఎగదోసింది మేం. పెనం దగ్గరికి మాత్రం రాకూడదు. పాకం పొంగుతుంటే ఆ వాసనకి నోరూరి ఒకడుగు ముందుకేస్తే "ఎనక్కెళరా గుంటా" అని కేక. దిగిన బెల్లం అచ్చులోకి పోశాక అడుగున గోకినది ఆకులో వేసి విసిరేవారు. పట్టుకోగలిగితే పట్టుకున్నట్టు, లేకపోతే మట్టిలోంచి ఏరుకున్నట్టు. అదే బెల్లం రేపు ఏ గుళ్లోనో ప్రసాదంలోకి పోతుంది!

రోడ్డు పక్క టీ కొట్టు సంగతి చెప్పాలి. ఎక్కడని చెప్పను, మా చుట్టుపక్కల అప్పట్లో అన్నీ అంతే. లోపల గూట్లో గాజు గలాసులు. బయట చూరులో దోపిన రెండు సత్తు గలాసులు. మేం చూరులోంచి తీసుకోవాలి, కడుక్కోవాలి, కింద పెట్టి దూరం జరగాలి, వాడు పైనుంచి పోయాలి, తాగాక మళ్లీ కడిగి చూరులో దొయ్యాలి. డబ్బులు మాత్రం అందరివీ ఒకటే. మా డబ్బులు కూడా నేల మీద పెడితే నీళ్లు చల్లి తీసుకునేవాళ్లున్నారని మా అమ్మ చెప్పేది, నేను చూసేసరికి నీళ్లు చల్లడం పోయింది.

ఇది జరుగుతున్నది 1977లో. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో భాగంలో దుకాణాలూ, హోటళ్లూ అందరివీ అని రాసుకుని ఇరవయ్యేడేళ్లు. అస్పృశ్యతా నేరాల చట్టం 1955లో వచ్చింది, దానికే పదును పెట్టి 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. అంతకు ముందే 1938లో ఎం.సి.రాజా గారి పూనికతో మద్రాసు రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది, అప్పుడు మా కశింకోట మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. చట్టాలకేం కొదవ లేదు. చూరులో గలాసు చూరులోనే ఉంది. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదికలో కూడా ఈ రెండు గలాసుల సంగతి ఉంది. ఆయనా మన శ్రీకాకుళం జిల్లావాడే, ఆయనకి ఎవరో చెప్తే తెలియాల్సిన సంగతి కాదు.

ఆ ఏడాది నేను ఎనిమిది చదువుతున్నాను. బళ్లో ఫస్టు వచ్చానని అయ్య టీ తాగిద్దామని తీసుకెళ్లాడు. నేను చూరు వైపు పోకుండా లోపల బల్ల మీదున్న గాజు గలాసు తీశాను. తెలిసి తీశానా తెలియక తీశానా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. తెలిసే తీశాననుకుంటాను. కొట్టువాడు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నా చేతిలోంచి తీసుకోనూ లేదు. "అక్కడ పెట్టు" అన్నాడు. పెట్టాను. కర్రతో దాన్ని తోశాడు. అది కింద పడి పగిలింది. "గలాసు కరీదు ముప్పావలా" అన్నాడు మా అయ్యతో.

అయ్య మొలతాడుకున్న సంచి విప్పి ముప్పావలా నేల మీద పెట్టాడు. టీ తాగకుండా ఇంటికొచ్చేశాం. దారిలో ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అమ్మతో మాత్రం "గుంటడు ఫస్టొచ్చినాడే" అన్నాడు. గలాసు మాట చెప్పలేదు.

నేను ఇంటరు అనకాపల్లిలో చదివి, డిగ్రీ అయ్యాక ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాను. 1985 జూలై 17న కారంచేడు జరిగింది. అంతవరకూ ఎవరికి వారుగా పుస్తకాల్లో తల దూర్చుకున్న హాస్టలు కుర్రాళ్లం కలుసుకోవడం మొదలైంది అప్పుడే. ఊరేగింపులు తీశాం, చందాలు వసూలు చేశాం, రాత్రుళ్లు చదువుకున్నాం. అమెరికాలో గ్రీన్స్‌బరో అనే ఊళ్లో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే వడ్డించే వూల్‌వర్త్ కొట్టు బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారనీ, పొయ్యకపోయినా లేవలేదనీ అప్పుడే తెలిసింది. అంబేద్కర్ బాబా తొమ్మిదేళ్ల పిల్లాడిగా 1901లో తండ్రి దగ్గరికి ప్రయాణం చేస్తూ, కట్టుకున్న తిండి బోలెడుండీ, గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు లేక రాత్రంతా తినకుండా పడుకున్నాడనీ అప్పుడే తెలిసింది. గ్రీన్స్‌బరో కథ నేను మీటింగుల్లో చెప్పేవాణ్ణి కూడా. బాగా చెప్తాడని పేరుండేది.

ఇప్పుడు చెప్పబోయేది మీటింగుల్లో చెప్పలేదు.

హాస్టల్లో టిఫిను తొమ్మిదికి అయిపోయేది. క్లాసులు లేని రోజు పది గంటలకి నేనొక హోటలుకి అలవాటు పడ్డాను. పేరు అనవసరం. విశాఖపట్నంలో నాకు నచ్చిందే అది. ఎవరూ ఎవర్నీ అడగరు. బల్ల, కుర్చీ, స్టీలు గలాసు, నీళ్లు తెచ్చే కుర్రాడు. మొదటిరోజు ఆ గలాసుకి పెదాలు ఆనించి తాగుతుంటే నాకు కశింకోట చూరు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇడ్లీ, పెసరట్టు, కాఫీ. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన నాలుగు రోజులయ్యాక పలకరించాడు. "ఏ ఊరు నాయుడు గారూ?" అన్నాడు. అనకాపల్లి పక్క అన్నాను. మా వైపు తెల్లబట్ట కట్టినవాడెవడైనా నాయుడే కదా అనుకున్నాడు కాబోలు. నేను కాదనలేదు. మర్నాడు "రండి నాయుడు గారూ" అన్నాడు. ఆ మర్నాడూ అంతే. నేను ఔననలేదు, అబద్ధం ఆడలేదు. ఏడాది పాటు నాయుడుగారిగా పెసరట్టు తిన్నాను.

1986 జనవరిలో, పండగ దాటాక, మా అయ్య పాసింజరు రైలెక్కి వచ్చాడు. "బిడ్డ సదివే బడి సూడాల" అని. చంకలో మూట. ఆ మూటలో చెరకాకులో చుట్టిన కొత్తబెల్లం. దిగేసరికి తొమ్మిదిన్నర. హాస్టల్లో ఏమీ ఉండదు. మనిషి రాత్రి నుంచి తినలేదు. ఎక్కడికి తీసుకెళ్లాలి? స్టేషన్లో నిలబడి అయిదు నిమిషాలు ఆలోచించాను. బోర్డు మీద 'బ్రాహ్మణ' అని రాసుకున్న హోటళ్లుండేవి, వాటి సంగతి ఆలోచించనే లేదు. ఆ మాట తీసెయ్యమని మద్రాసు ట్రిప్లికేనులో మురళీ కేఫ్ ముందు పెరియార్ 1957లో పోరాటం చేశాడు. మన వైపు ఎవరూ చెయ్యలేదు. మిలటరీ హోటలుకి తీసుకెళ్లొచ్చు, కాని పొద్దున్నే తెరవడు. చివరికి నా హోటలుకే తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, నేను రోజూ ఎంత బాగా కూర్చుంటానో అయ్యకి చూపించాలని ఉంది.

గుమ్మం దగ్గర అయ్య చెప్పులు విప్పాడు. వేసుకో అంటే వేసుకోలేదు. లోపలికొచ్చి, చేతులు కడుక్కునే తొట్టి పక్కన గోడవారగా గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. కుర్రాడు రెండు గలాసుల్లో నీళ్లు పెట్టాడు. అయ్య రెండింటినీ చూశాడు. తల తిప్పి గోడలు చూశాడు, పైన చూరుండాల్సిన చోటు చూశాడు. పొలం కాడ మాటాడే గొంతు కదా, మెల్లగా అన్నాననుకునే అడిగాడు.

"మన గలాసు ఏదిరా?"

హోటలంతా ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది. ఏమీ ఆగలేదు. పక్క బల్ల వాళ్లిద్దరు తలెత్తి చూశారు, అంతే. "ఇక్కడ అందరికీ ఒకటే అయ్యా, తాగు" అన్నాను పళ్లు బిగించి. అయ్య గలాసు ఎత్తి, పెదాలకి తగలకుండా జానెడు పైనుంచి పోసుకున్నాడు. నీళ్లు గడ్డం మీంచి కారాయి. నాలుగు ఇడ్లీ తిన్నాడు. బాగుందన్నాడు. తినడం అయ్యాక పళ్లెం, గలాసు రెండూ పట్టుకుని కడగడానికి తొట్టి దగ్గరికి బయల్దేరాడు. కుర్రాడు పరుగెత్తుకొచ్చి "పెద్దాయనా, అక్కడెట్టీండి, నేను తీస్తాను" అన్నాడు. అయ్యకి వాడి మీద ఎంత ఆపేక్ష కలిగిందో, మూట విప్పి చిన్న బెల్లం గడ్డ విరిచి పెట్టాడు. వాడు నోట్లో వేసుకున్నాడు.

గల్లాపెట్టె దగ్గర నేను డబ్బులిస్తుంటే అయ్య ఇంకో గడ్డ తీసి ఆయన ముందుకి చాపాడు. "కొత్తబెల్లం బాబూ. మా కళ్లం కాడ దింపినారు." ఆయన చెయ్యి చాపాడు. నవ్వుతూనే అడిగాడు, "ఎవరి తాలూకు పెద్దాయనా? ఏ ఊరు?"

"కశింకోట బాబూ. మాలపేట."

చాపిన చెయ్యి గల్లాపెట్టె మీద వాలింది. "షుగరుంది నాకు, బెల్లం తినకూడదు" అన్నాడు. నిజంగానే ఉండొచ్చు. ఈ నలభై ఏళ్లలో ఆయనకి షుగరు ఉందేమోనని నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

బయటికొచ్చాక నేను అయ్య మీద విరుచుకుపడ్డాను. "పేట మాట ఎందుకు చెప్పావు? ఊరు చెప్తే సరిపోదా?"

"అడిగినాడు కదరా. సెప్పినాను" అన్నాడు అయ్య. ఆయనకి నా కోపం అర్థం కాలేదు. "ఎలగూ నువ్వు సెప్పే ఉంటావు కదా" అన్నాడు.

గ్రీన్స్‌బరో గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, ఆ రోడ్డు మీద నోరెత్తలేకపోయాను.

ఆ రోజు అయ్య యూనివర్సిటీ అంతా చూశాడు, సముద్రం చూశాడు, హాస్టల్లో నా మంచం మీద పడుకున్నాడు. మర్నాడు అమ్మకి ఏదో కొనాలంటే పూర్ణామార్కెట్‌కి వెళ్లాం. మళ్లీ పది గంటలు. అక్కడొక బండి దగ్గర ఒక పెద్దావిడ ఇడ్లీలు పెడుతోంది. చుట్టూ చీపుళ్లు ఆనించుకుని మునిసిపాలిటీ ఊడ్పువాళ్లు నిలబడి తింటున్నారు. చీకటితో లేచి ఊరంతా ఊడిస్తే ఆ వేళకే వాళ్లకి కాస్త తెరిపి. ఆకు మీద ఇడ్లీ, ఎర్రచట్నీ. వాసన బాగుంది. అయ్యా తిందామా అన్నాను.

అయ్య బండిని చూశాడు, చీపుళ్లు చూశాడు. "రెల్లోలు కదరా" అన్నాడు.

"అయితే?"

"ఆల సేతి కూడు మనం తింటావేటి?"

ముందురోజు మిగిలిన కోపమంతా అప్పుడు వచ్చింది. నిన్న నీ బెల్లం వాడు తీసుకోలేదు, ఇవాళ నువ్వు ఈవిడ ఇడ్లీ తిననంటున్నావు, నీకూ వాడికీ తేడా ఏమిటి అని నడిబజార్లో అరిచాను. "అది ఏరు, ఇది ఏరు" అన్నాడు అయ్య. ఎలా వేరో చెప్పలేదు. మార్కెట్లో కుళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగి, ఖాళీ కడుపుతో పాసింజరెక్కాడు. రైలు కదిలాక కిటికీలోంచి మిగిలిన బెల్లం నా చేతిలో పెట్టాడు.

ఇదంతా అయ్య అజ్ఞానమని రాసేస్తే నాకు సుఖంగా ఉంటుంది. కాని అయ్యని రైలెక్కించి నేను ఆ బండి దగ్గరికి తిరిగి వెళ్లానా? వెళ్లలేదు. హాస్టలుకి పోయి పడుకున్నాను. నిచ్చెనమెట్ల కులవ్యవస్థ అని మేం రాత్రుళ్లు చదువుకున్నది, పైమెట్టు వైపు చూడ్డానికి మాత్రమే నాకు పనికొచ్చింది. కిందమెట్టు మీద నా పాదం ఉందని పూర్ణామార్కెట్లో తెలిసింది. 

రెండురోజులాగి నా హోటలుకి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. కుర్చీ ఉంది, గలాసు ఉంది, పెసరట్టు అలాగే ఉంది. "నాయుడు గారూ" మాత్రం లేదు. ఎప్పుడూ చిల్లర నా అరచేతిలో పెట్టేవాడు. ఆ రోజు బల్ల మీద పెట్టాడు. దీనికి ఏ చట్టం కింద కేసు పెట్టగలం? చిల్లర ఏరుకుని వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు, నేనే మానేశాను. అయిదేళ్ల తర్వాత, 1991లో, చుండూరులో గొడవ సినిమాహాల్లో కాలు తగిలిందని మొదలై ఆగస్టు 6న అంతమందిని నరికేదాకా పోయినప్పుడు, పక్కపక్కన కుర్చీల్లో కూర్చోవడమంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పూర్ణామార్కెట్ బండి దగ్గరికి నన్ను తీసుకెళ్లినవాడు మా హాస్టలు మిత్రుడు. రెల్లి కుర్రాడు. తల్లీతండ్రీ ఇద్దరూ ఊడ్పు పనే. అయ్య వచ్చి వెళ్లిన రెండు నెలలకి ఒక పొద్దున "రా, టిఫిను తిందాం" అని తీసుకుపోయాడు. ఎక్కడికని అడగలేదు, అక్కడికే అని తెలుసు. మొదటి ఇడ్లీ నాకు గొంతు దిగలేదు. నీళ్లు తాగాను. వాడు చూశాడు. "ఏం, ఇడ్లీ గట్టిగా ఉందేటి?" అని నవ్వాడు. వాడికి అంతా అర్థమైంది. ఆవిడకీ అర్థమైందేమో, ఇంకో గరిటె చట్నీ వేసింది. ఎంతమందిని చూసి ఉంటుందో.

తర్వాత చదువయ్యేవరకూ నా పదిగంటల తిండి ఆ బండి దగ్గరే. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. చట్టాల మాట పైన చెప్పాను గదా. 2025లో మన రాష్ట్రంలో వర్గీకరణ చేసి రెల్లి, దాని ఉపకులాలకి ఒక శాతం అన్నారు. మా వాళ్లు కొందరు దాని మీద కోపంగా నా ఇంటికొచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టవని అడిగితే పెద్ద వాదనేం చెయ్యలేదు, ఒక ఇడ్లీ బాకీ ఉన్నానన్నాను. నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

మేనల్లుడి బ్రంచి దగ్గరికి వస్తాను. చివరికి ఎక్కడికో వాడే తేల్చాడు. బీచిరోడ్డులో పెద్ద హోటలు. తలకి పన్నెండొందల పైచిలుకు. అద్దాల్లోంచి సముద్రం కనిపిస్తోంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. మా అయ్య బతికుంటే చూరు వెతికేవాడా అనుకున్నాను. రకరకాల బల్లలు. ఒక బల్ల మీద 'మిల్లెట్ కార్నర్' అని రాసి ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినప్పటినుంచీ ఈ మాట ఎక్కడ చూసినా కనపడుతోంది. చిన్నచిన్న మట్టిముంతల్లో అంబలి. పైన ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు. పక్కన చీటీ: 'ట్రెడిషనల్ రాగి అంబలి'. చోళ్లు! తెల్లటోపీ కుర్రాడు ఒక ముంత తీసి రెండు చేతులతో నాకు అందించాడు. పైనుంచి పొయ్యలేదు. పుల్లగా లేదు, పులవనిస్తే పెద్దమనుషులు తాగరు కాబోలు. తాగాను. ఇంకోటి అడిగి తాగాను. మావాడు ఫోటో తీశాడు.

కూర్చున్నాక ఒక సంగతి గుర్తొచ్చి అడిగాను. బల్ల కోసం ఫోను చేసినప్పుడు వాడు నా పక్కనే ఉన్నాడు. పేరు చెప్పండంటే ఉత్త పేరు చెప్పాడు. పూర్తి పేరు అడిగితే మళ్లీ అదే చెప్పాడు. ఇంటిపేరు చెప్పలేదు. మా ఇంటిపేరు వింటే మా జిల్లావాళ్లకి పేట తెలిసిపోతుంది.

"ఇంటిపేరు చెప్పవేంరా?"

"అలవాటు మావయ్యా" అన్నాడు. కాసేపాగి, "ఆఫీసులో కూడా చెప్పను. ఇల్లు అద్దెకి వెతికినప్పటినుంచి" అన్నాడు. మద్దిలపాలెంలో మూడు ఇళ్లు ఖాళీగా ఉండి కూడా తనకి దొరకలేదట. వాడి తల్లికి ఆ సంగతి చెప్పలేదు. గలాసు సంగతి మా అయ్య అమ్మకి చెప్పనట్టే.

వాణ్ణి నేనేం అనగలను? ఏడాది పాటు నాయుడుగారిగా తిన్నవాణ్ణి. ఆ కథ వాడికి అక్కడే, ఆ బల్ల దగ్గరే మొదటిసారి చెప్పాను. బెల్లం గడ్డ దగ్గరికి వచ్చేసరికి వాడి పళ్లెంలో తిండి చల్లారిపోయింది.

తర్వాత ఆదివారం ఎక్కడికో నేను చెప్పాను. పూర్ణామార్కెట్. పదిగంటలకి. ఆ పెద్దావిడ పోయి చాలా ఏళ్లయింది, ఆవిడ కోడలు పెడుతోంది. బండి మారింది, గ్యాసుపొయ్యి వచ్చింది, ఆకు పోయి కాగితం పళ్లెం వచ్చింది. చీపుళ్లు మాత్రం అలాగే గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని పట్టుకున్నవాళ్లు కాంట్రాక్టు మీద పని చేస్తున్నారని ఒకామె చెప్పింది. మావాడు ఖరీదైన చొక్కాతో వాళ్ల మధ్య నిలబడి తిన్నాడు. వాడి గొంతు దిగిందా లేదా అని చూశాను. దిగింది. నీళ్లు అడగలేదు.

"ఏ ఊరు బాబూ మీది?" అందావిడ, మాట కలుపుతూ.

వాడు నా వైపు చూశాడు. నేను ఇడ్లీ వైపు చూశాను.

"కశింకోట" అన్నాడు.

ఆవిడ ఇంకేం అడగలేదు. వాడూ ఇంకేం చెప్పలేదు. పళ్లెం ముందుకి చాపి కాస్త ఎర్రచట్నీ వెయ్యమన్నాడు.